మినియాపొలిస్‌లో ఉన్న మనవాళ్ళం ఏం చేయగలం? నిరసనలు, లేక్ స్ట్రీట్ సాయం గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

గోదారి_గట్టు | 2020 జూన్ 3, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువగా చదవడమే తప్ప రాయలేదు. మినియాపొలిస్ పక్కనున్న ఈడెన్ ప్రెయిరీలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాం. మే 25న జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి ఆయన్ని ఒక పోలీసు మెడ మీద మోకాలు పెట్టి చంపిన చోటు, ఆ 38వ వీధి, చికాగో ఎవెన్యూ మూల, మా ఇంటి నుంచి కారులో పాతిక నిమిషాలు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ వైపు వెళ్ళలేదు. "ఆ ఏరియా మంచిది కాదు" అని వచ్చిన కొత్తలో ఎవరో చెప్పారు, ఎందుకు అని నేను అడగలేదు.

మా అమ్మాయికి పదకొండేళ్ళు. చూడకూడదని టీవీ కట్టేశాను గానీ స్నేహితురాలి ఫోన్‌లో చూసేసింది. "చుట్టూ ఉన్నవాళ్ళు వదిలేయమని అంత బతిమాలుతున్నారు కదమ్మా, ఎందుకు వదల్లేదు" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇవాళ మిగతా ముగ్గురు పోలీసుల మీద కూడా కేసు పెట్టారని వార్త వచ్చింది, అది చదివి వినిపించాను, అంతే.

ఒక నిధికి యాభై డాలర్లు పంపాను, పంపాక కూడా మనసు కుదుటపడలేదు. మేం హెచ్‌1బీ మీద ఉన్నాం, ర్యాలీకి వెళ్తే ఏమవుతుందోనని మా ఆయనకు టెన్షన్. వెళ్ళకుండా చేయగలిగేవి ఏమున్నాయి, వెళ్తే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి, సరుకులు ఎక్కడికి తీసుకెళ్ళాలి? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.


నెల్లూరు_అబ్బాయి | 2020 జూన్ 4, ఉదయం 7:15

మంచి ప్రశ్న అడిగారండి. నేను లేక్ స్ట్రీట్‌కి ఎనిమిది బ్లాకుల దూరంలో అద్దెకుంటాను, కాబట్టి కళ్ళతో చూసింది చెప్తాను.

28వ తేదీ రాత్రి థర్డ్ ప్రీసింక్ట్ పోలీస్ స్టేషన్ తగలబడింది. దాని ఎదురుగా ఉన్న టార్గెట్, కబ్ సరుకుల షాపు రెండూ నాశనమయ్యాయి. పోస్టాఫీసులు రెండు కాలిపోయాయి. బస్సులు, రైలు కొన్ని రోజులు పూర్తిగా ఆపేశారు. కారు లేనివాళ్ళకు దీని అర్థం ఏమిటో ఆలోచించండి. పాలు, బియ్యం, పిల్లల డైపర్లు ఎక్కడ కొనాలి? పెన్షన్ చెక్కు పోస్టులో రావాల్సిన ముసలాయన ఎక్కడికి వెళ్ళాలి? మనం సబర్బ్‌లో ఉండి "అల్లర్లు" అని ఒక్క మాట అనేసి ఊరుకుంటాం, ఇక్కడ అది రోజువారీ తిండి సమస్య అయింది.

అయితే ఒక సంగతి తెలిసి వెళ్ళాలి. శాన్‌ఫోర్డ్ మిడిల్ స్కూల్ వాళ్ళు ఆదివారం నాటికి 85 ఇళ్ళకు సరుకుల సంచులు కావాలని అడిగారు. వచ్చినవి ఎన్నో తెలుసా? దాదాపు 30,000. కార్ల వరస మైళ్ళ పొడవునా ఉంది. చూసి నాకు ఏడుపొచ్చింది, నిజంగా. అలాగే అరెస్టయినవాళ్ళను విడిపించే బెయిల్ నిధి, మిన్నెసోటా ఫ్రీడమ్ ఫండ్, దానికి కొద్ది రోజుల్లోనే రెండు కోట్ల డాలర్లు దాటాయి. ఇక మాకు చాలు, ఇక్కడి నల్లజాతి వాళ్ళు నడిపే మిగతా సంస్థలకు ఇవ్వండి అని వాళ్ళే చెప్పారు. మీ యాభై డాలర్లు తప్పు చోటికి వెళ్ళలేదు గానీ, తర్వాతి యాభై పంపే ముందు ఈ వారం ఎవరికి ఏం తక్కువైందో చూసి పంపండి. మొదటి వారంలో పేరు వినిపించిన చోటికి అందరూ పరిగెడతారు. ఆగస్టులో వాళ్ళ గుమ్మంలో ఎవరూ ఉండరు. ఆగస్టులో కూడా ఉండేవాళ్ళు కావాలి ఇక్కడ.


ఓరుగల్లు_పిల్ల | 2020 జూన్ 4, మధ్యాహ్నం 12:30

వీసా సంగతి నేను చెప్తాను అక్కా. నేను లాయర్‌ని కాదు, ఒక ఇమిగ్రేషన్ లాయర్ ఆఫీసులో ఆరేళ్ళుగా కాగితాల పని చూస్తున్నాను. కాబట్టి ఇది సలహాగా తీసుకోండి, మీ కేసుకి మీ లాయర్‌ని అడగండి.

శాంతియుతంగా నిరసన తెలిపే హక్కు పౌరులకు మాత్రమే ఉన్నది కాదు. ఈ దేశంలో ఉన్న ఎవరికైనా ఉంది, హెచ్‌1బీ అయినా, ఎఫ్‌1 అయినా. ర్యాలీకి వెళ్ళినంత మాత్రాన స్టేటస్ పోదు. కానీ అరెస్టు మాత్రం వేరే సంగతి. వీసా స్టాంపింగ్‌కి నింపే డీఎస్-160లో "ఎప్పుడైనా అరెస్టు అయ్యారా" అని అడుగుతారు, శిక్ష పడకపోయినా అవును అనే రాయాలి. గ్రీన్‌కార్డు ఫారంలో, పౌరసత్వం ఫారంలో కూడా ఆ ప్రశ్న ఉంది. కేసు కొట్టేశారు కదా అని దాచితే, అసలు అరెస్టుకన్నా ఆ అబద్ధం ఎక్కువ చేటు చేస్తుంది.

అందుకని కర్ఫ్యూ టైమ్ దగ్గరికి వస్తుంటే ఇంటిదారి పట్టాలి. గవర్నర్ ఉత్తర్వులో ఉల్లంఘనకు వెయ్యి డాలర్ల దాకా జరిమానా లేదా 90 రోజుల దాకా జైలు అని ఉంది. పోలీసులు చెదిరిపోమని మైకులో చెప్పగానే కదలాలి. హైవే మీదికి నడిచే ఊరేగింపులకు వీసా మీద ఉన్నవాళ్ళు దూరంగా ఉండటం మంచిది. ఆదివారం 35డబ్ల్యూ హైవే వంతెన మీద జనం ఉండగా ట్యాంకర్ లారీ దూసుకొచ్చిన వీడియో అందరం చూశాం.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు కార్డు, మనలాంటి వాళ్ళం దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఐ-94 కాగితం దగ్గర ఉంచుకోవాలి, అది చట్టం. లాయర్ నంబరు ఫోన్‌లో కాదు, చేతి మీద మార్కర్‌తో రాసుకోండి, ఎందుకంటే ఫోన్ తీసేసుకుంటారు. పట్టుకుంటే "మౌనంగా ఉంటాను, లాయర్ కావాలి" అని చెప్పండి, తర్వాత ఏమీ మాట్లాడకండి, ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.


పల్నాడు_రైతుబిడ్డ | 2020 జూన్ 4, రాత్రి 9:05

ఎవరికైనా బాధ కలిగితే క్షమించండి, కానీ మనసులో ఉన్నది చెప్తున్నాను. ఆ పోలీసు చేసింది దారుణం, అందులో రెండో మాట లేదు. కానీ సెయింట్ పాల్‌లో యూనివర్సిటీ ఎవెన్యూ దగ్గర నా స్నేహితుడికి చిన్న సెల్‌ఫోన్ షాపు ఉంది. పన్నెండేళ్ళ కష్టం. అద్దాలు పగలగొట్టి మొత్తం ఊడ్చుకుపోయారు. వాడు రెండు రోజులు అన్నం తినలేదు. వాడేం తప్పు చేశాడు? మనం ఊరుగాని ఊరు వచ్చి, ఈఎంఐలు కట్టుకుంటూ, అమ్మానాన్నలకు డబ్బు పంపుకుంటూ బతికేవాళ్ళం. ఇది వాళ్ళ దేశపు గొడవ, నాలుగు వందల ఏళ్ళ గొడవ. మధ్యలో మనం తల దూర్చి ఏం సాధిస్తాం? నిజంగానే అడుగుతున్నాను.


సెయింట్‌పాల్_శారద | 2020 జూన్ 5, ఉదయం 6:20

బాబూ, నీ స్నేహితుడి కష్టం విన్నాక ముందు అతని గురించే అడగాలనిపించింది. ఇన్సూరెన్స్ ఉందా?

నేను 1988లో ఈ ఊరికి వచ్చాను. అప్పుడు నేను కూడా నీలాగే అనుకున్నాను, ఇది వాళ్ళ గొడవ అని. అలా కాదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది, కాస్త ఓపిగ్గా చదువు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల మొదట్లో బోస్టన్‌లో దిగారు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారని తీర్పిచ్చింది. ఎంతమంది ప్రాణాలు నిలిపిన మందుల వెనక ఆయన పనుంది! ఆ మనిషికి ఇక్కడ ఇరవై ఏళ్ళకు పైగా పౌరసత్వం అడిగే దారే లేదు. 1946లో చట్టం మారినా భారతదేశం మొత్తానికి ఏడాదికి 100 మంది కోటా. నువ్వూ నేనూ రాగలిగింది 1965 చట్టం వల్ల. ఆ చట్టం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం, వాటి వెంటే మన వలస చట్టం. నల్లజాతి వాళ్ళు లాఠీలు తిని, కుక్కల చేత కరిపించుకుని, జైళ్ళకు వెళ్ళి తెరిచిన తలుపులోంచి మనం సూట్‌కేసులతో నడిచి వచ్చాం. ఆ తలుపు ఎవరు తెరిచారో మన పిల్లలకు మనం చెప్పలేదు.

మనకు అంటదు అనుకుంటున్నావా? 2015లో అలబామాలో, మాడిసన్ అనే ఊళ్ళో, మనవడిని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన సురేశ్‌భాయ్ పటేల్ అనే 57 ఏళ్ళాయన పొద్దున్నే వీధిలో నడుస్తున్నాడు. "సన్నగా ఉన్న నల్లతను ఎవరో తిరుగుతున్నాడు" అని ఒకరు పోలీసులకు ఫోన్ చేశారు. పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు, పక్షవాతం వచ్చింది. ఆ పోలీసుకు శిక్ష పడలేదు. 2017లో కాన్సాస్‌లో మన హైదరాబాద్ అబ్బాయి శ్రీనివాస్ కూచిభొట్లను "నా దేశం వదిలి పో" అంటూ కాల్చి చంపారు. అడ్డుపడిన ఇయన్ గ్రిల్లట్ అనే తెల్లబ్బాయికి కూడా తూటా తగిలింది. అతను "ఇది వీళ్ళ గొడవ" అనుకుని బల్ల కింద దాక్కుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కారు. అతను ఇల్లు కొనుక్కోవడానికి హ్యూస్టన్‌లోని మన భారతీయులు లక్ష డాలర్లు పోగుచేశారు. అంటే అవతలివాడు మనకోసం నిలబడితే దాని విలువ మనకు తెలుసు.

ఇక కాలిన షాపుల గురించి. థర్డ్ ప్రీసింక్ట్ పక్కనే గాంధీ మహల్ అనే రెస్టారెంట్ ఉండేది, యజమాని బంగ్లాదేశ్ నుంచి వచ్చిన రుహెల్ ఇస్లామ్. దెబ్బలు తగిలిన నిరసనకారులకు కట్లు కట్టడానికి తన హోటల్ గది ఇచ్చారు. తర్వాత హోటలే కాలిపోయింది. కాలిపోతే పోనీ, న్యాయం జరగాలి అని ఆయన అన్న మాట దేశమంతా తెలిసింది. నీ స్నేహితుడు అలా అనాలని నేను అనను, ఎవరి కడుపుకోత వారిది. షాపు పోయినందుకు ఏడవచ్చు, ఫ్లాయిడ్ కోసమూ ఏడవచ్చు. ఒకదానికి ఏడిస్తే ఇంకోదానికి ఏడవకూడదని ఎవరు చెప్పారు?

ఒక మాట చెప్పనా, కోపం తెచ్చుకోకు. ఊళ్ళో ఎవరి పేటకు మనం వెళ్ళేవాళ్ళం కాదో, ఎవరికి గ్లాసు వేరుగా పెట్టేవాళ్ళో మా ఇంట్లో నేను కళ్ళారా చూశాను. "ఆ ఏరియా మంచిది కాదు" అన్న మాట ఇక్కడ విన్నప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. అందుకే అంత తేలిగ్గా నమ్మేశాను.


పల్నాడు_రైతుబిడ్డ | 2020 జూన్ 5, రాత్రి 8:50

శారదమ్మగారూ, రెండుసార్లు చదివాను. మాడిసన్ సంగతి నాకు తెలియదు. మా నాన్న కిందటేడు వచ్చినప్పుడు రోజూ ఉదయం ఒక్కరే నడకకు వెళ్ళేవారు, ఇంగ్లీషు రాదు. అది గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

అద్దాలు పగలగొట్టడం మాత్రం నేను ఒప్పుకోలేను, ఆ మాట మార్చుకోను. కానీ "మనకెందుకు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా స్నేహితుడికి ఇన్సూరెన్స్ ఉంది గానీ చాలా తక్కువకు ఉంది. ఏదైనా దారుంటే చెప్పండి.


నెల్లూరు_అబ్బాయి | 2020 జూన్ 5, రాత్రి 11:10

అన్నా, లేక్ స్ట్రీట్ వ్యాపారాలకు లేక్ స్ట్రీట్ కౌన్సిల్ వాళ్ళు "వుయ్ లవ్ లేక్ స్ట్రీట్" అని నిధి పెట్టారు. మీ స్నేహితుడిది సెయింట్ పాల్ కాబట్టి అక్కడి వ్యాపారుల సంఘాన్ని, నగర కార్యాలయాన్ని అడగాలి. ముందు పాడైన ప్రతిదాని ఫోటో తీయమనండి, శుభ్రం చేయకముందే. సరుకు కొన్న బిల్లులు, అద్దె ఒప్పందం, పన్ను కాగితాలు ఒకచోట పెట్టమనండి. ఇక్కడ సోమాలీ, మెక్సికన్ షాపులవాళ్ళు చాలామంది కాగితాలు కాలిపోయి, ఇంగ్లీషులో ఫారాలు నింపలేక ఆగిపోతున్నారు. నిజానికి మన ఐటీ వాళ్ళం చేయగల మంచి పని ఇదే. ల్యాప్‌టాప్ పట్టుకుని పక్కన కూర్చుని ఫారం నింపిపెట్టడం. గత శనివారం ఒక టైలరమ్మకు నింపాను, మూడు గంటలు పట్టింది. బ్యాంకు స్టేట్‌మెంట్లు ఆన్‌లైన్‌లో ఎలా తీయాలో ఆమెకు తెలియదు, అంతే సమస్య.


గోదారి_గట్టు | 2020 జూన్ 7, సాయంత్రం 6:00

వెళ్ళొచ్చామండీ! ముందు గురువారం సంగతి. ఫ్లాయిడ్ సంస్మరణ సభలో, ఆయన మెడ మీద మోకాలు ఉన్నంతసేపని చెప్పిన ఎనిమిది నిమిషాల నలభై ఆరు సెకన్లు మౌనం పాటించినప్పుడు మేమూ ఇంట్లో నిలబడ్డాం. అంతసేపు ఎంత పొడుగో నిలబడితేగానీ తెలియలేదు. మా అమ్మాయి నాలుగో నిమిషంలో నా చెయ్యి పట్టుకుంది.

నిన్న లేక్ స్ట్రీట్ దగ్గర ఒక చర్చి పార్కింగ్‌లో సరుకులు తీసుకుంటున్నారంటే ముందు ఫోన్ చేసి అడిగాం. అడగడం ఎంత మంచిదైందో! నేను నీళ్ళ బాటిళ్ళు, పాత బట్టలు సర్ది పెట్టుకున్నాను. నీళ్ళు పెట్టడానికి చోటు లేదు, పాత బట్టలు వద్దే వద్దు అన్నారు. కావాల్సినవి వంటనూనె, ఉప్పు, పంచదార, టాయిలెట్ పేపర్, ప్యాడ్లు, డైపర్లు, అదీ 4, 5, 6 సైజులు. అందరూ పుట్టిన పిల్లల సైజులే తెస్తున్నారట, నడిచే పిల్లలకు దొరకడం లేదు. బియ్యం కావాలా అంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది, సోమాలీ ఇళ్ళలో బాస్మతి అడుగుతున్నారట. మన ఇండియన్ షాపుకి వెళ్ళి ఇరవై పౌండ్ల సంచులు ఆరు తెచ్చాం. వాటిని చిన్న కవర్లలో పోసి మూతి కట్టే పని మా అమ్మాయిది. నాలుగు గంటలు కూర్చుంది, ఫోన్ అడగలేదు.

అక్కడ అంతా చూసుకుంటున్నది ఒక నల్లజాతి ఆవిడ, వయసు అరవై పైనే. నాకు చాలా మాట్లాడాలని ఉంది, క్షమాపణ చెప్పాలని కూడా ఉంది. ఆవిడ "మళ్ళీ శనివారం రాగలవా" అని మాత్రం అడిగారు. వస్తానన్నాను.


మందుల_చీటీ | 2020 జూన్ 8, రాత్రి 10:15

నేను ఫార్మసిస్టుని, బ్లూమింగ్టన్‌లో పని. తిండి గురించి అందరూ చెప్పారు, మందుల గురించి చెప్తాను. లేక్ స్ట్రీట్ వైపు మందుల షాపులు కాలిపోయాయి, కొన్ని మూతపడ్డాయి. షుగరు, బీపీ, ఉబ్బసం మందులు వాడేవాళ్ళకు ఇది ప్రాణం మీది సంగతి. అదే కంపెనీ షాపు ఇంకోచోట ఉంటే రికార్డు అక్కడా కనిపిస్తుంది. వేరే కంపెనీ అయితే కొత్త షాపులో ఫార్మసిస్టుని బదిలీ చేయమని అడగాలి. ఖాళీ సీసా పారేయకుండా తెస్తే పని సగం అయినట్టే, దాని మీద నంబరు ఉంటుంది. ఇన్సులిన్ తెచ్చిపెట్టే వాలంటీర్లు ఐస్ ప్యాక్ ఉన్న సంచిలో తేవాలి, కానీ ఐస్‌కి నేరుగా తగలనివ్వకూడదు, గడ్డకడితే పనికిరాదు. ఇంకొకటి, ఎవరికి ఏ జబ్బు, ఏ మందు అన్నది వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అది వాళ్ళ సొంత విషయం. చిరునామా కూడా వెళ్ళే ఒక్కరికే చెప్పండి చాలు.


కరీంనగర్_నాన్న | 2020 జూన్ 9

మా బాబు అక్కడ యూనివర్సిటీల ఎమ్మెస్ చదువుతుండు. టీవీలో మంటలు చూసి ఆయన తల్లికి నిద్ర లేదు. ఫోన్ చేస్తే నిరసనకు పోయినా అంటుండు. మీరంతా పెద్దలు, వద్దని చెప్పరాదు?


ఓరుగల్లు_పిల్ల | 2020 జూన్ 9

అంకుల్, మాది హనుమకొండ, మా అమ్మది కూడా ఇదే బాధ. మంటలు తగ్గిపోయినయి, కర్ఫ్యూ కూడా లేదు. పగటిపూట జరిగేవి చాలావరకు ప్రశాంతంగా ఉంటున్నాయి, చిన్న పిల్లల్ని ఎత్తుకుని వస్తున్నారు. బాబుని వద్దనకండి, జాగ్రత్తలు చెప్పండి. ఒక్కడే పోవద్దు, స్నేహితులతో పోవాలి, చీకటి పడకముందు రావాలి. కాంటాక్ట్ లెన్సులు వద్దు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, ఎందుకంటే టియర్ గ్యాస్ లెన్సు కింద చేరితే చాలా మంట. కళ్ళకు మంచినీళ్ళే పోయాలి, పాలు పోయమని ఎవరో వీడియోలు పెడుతున్నారు, పాలు శుభ్రమైనవి కావు. ఫోన్ ముఖంతో తెరుచుకునేది ఆపేసి నంబరు పెట్టుకోవాలి. పక్కవాళ్ళ ముఖాలు కనపడే ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టకూడదు, ఆ ఫోటో వల్ల ఎవరి ఉద్యోగమైనా పోవచ్చు. మాస్కు తప్పనిసరి. వచ్చాక లక్షణాలు లేకపోయినా కోవిడ్ పరీక్ష చేయించుకోమంటున్నారు, ఉచితంగానే చేస్తున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళు ఫలితం వచ్చేదాకా వేరే గదిలో ఉండటం మంచిది.

మీ బాబు మంచి పనే చేస్తుండు అంకుల్.


నెల్లూరు_అబ్బాయి | 2020 జూన్ 11, రాత్రి 11:45

డబ్బు విషయం మిగిలిపోయింది. మనలో చాలామంది పనిచేసే పెద్ద కంపెనీలు ఉద్యోగి ఇచ్చినదానికి అంతే కలిపి ఇస్తాయి. ఆ పేజీ తెరిచి చూడని వాళ్ళు మనలో సగానికి పైనే ఉంటారని నా అనుమానం. అది రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థలకే వర్తిస్తుంది. పక్కింటివాళ్ళు వెన్మో యాప్‌లో పోగుచేసే డబ్బుకు కంపెనీ కలపదు, పన్ను మినహాయింపు రాదు. అలాగని అది ఇవ్వొద్దని కాదు. అద్దె కట్టలేని మనిషికి అదే రోజు చేరేది అదే. నేను రెండూ చేస్తున్నాను. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్ళకు కూడా ఈ ఏడాది 300 డాలర్ల దాకా విరాళానికి మినహాయింపు ఉంది, రసీదు దాచుకోండి. హెచ్‌1బీ, ఎఫ్‌1 వాళ్ళు ఎన్నికల ప్రచారాలకు మాత్రం డబ్బు ఇవ్వకూడదు, చట్టవిరుద్ధం. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వొచ్చు.

7వ తేదీన పౌడర్‌హార్న్ పార్కులో తొమ్మిది మంది నగర కౌన్సిల్ సభ్యులు పోలీసు శాఖను రద్దు చేసి కొత్తది తెస్తామని మాట ఇచ్చారు. దాని మీద ఎవరి అభిప్రాయం వారిది. ఏది అనుకున్నా కౌన్సిల్‌కి రాయండి, వాళ్ళ సమావేశాల్లో మాట్లాడండి, దానికి పౌరసత్వం అక్కర్లేదు.

ఒక బాధ కూడా చెప్పాలి. మనవాళ్ళ గ్రూపు ఒకటి సరుకులు తెచ్చింది, సంతోషమే. కానీ దించే ముందు బ్యానర్ కట్టి, తీసుకోవడానికి వచ్చిన తల్లుల్ని వరసలో నిలబెట్టి ఫోటోలు తీశారు. ఒకావిడ బిడ్డ ముఖం కొంగులో దాచుకుంది. ఇల్లు కాలి ఒకరు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టు ఉంది. దయచేసి అలా చేయకండి. మన పేరు ఎక్కడా కనపడకపోతే ఏమవుతుంది?


గోదారి_గట్టు | 2021 ఏప్రిల్ 20, సాయంత్రం 5:30

పాత చర్చ పైకి తెస్తున్నాను. ఫ్లాయిడ్‌ని చంపిన పోలీసు కేసులో తీర్పు వచ్చింది, మూడు నేరాలూ రుజువయ్యాయి. కారులో రేడియో విని రోడ్డు పక్కన ఆపేసి ఏడ్చాను.

కిందటి జూన్‌లో మన తెలుగువాళ్ళవి పద్నాలుగు ఇళ్ళు శనివారాల పనికి పేర్లు ఇచ్చాయి. ఇప్పుడు ఐదు మిగిలాయి. ఎవరినీ నిందించడం లేదు, పిల్లలు, ఉద్యోగాలు, కోవిడ్‌లో ఇండియాలో అమ్మానాన్నలు, అందరికీ అన్నీ ఉన్నాయి. కానీ ఈ నెల 11న పక్కనే ఉన్న బ్రూక్లిన్ సెంటర్‌లో డాంటే రైట్ అనే నల్లజాతి కుర్రాణ్ణి పోలీసు కాల్చి చంపాక ఆ ఐదు ఇళ్ళూ మర్నాటికే కదిలాయి. పోలీస్ స్టేషన్ ఎదురు అపార్ట్‌మెంట్లలోకి టియర్ గ్యాస్ వెళ్ళింది, పసిపిల్లలున్న ఇళ్ళు. ఏం తేవాలి, ఎవరిని అడగాలి అని ఈసారి మాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది, డైపర్ల సైజులతో సహా. పల్నాడు తమ్ముడు తన వ్యాన్ తెచ్చాడు, ఆ షాపు స్నేహితుణ్ణి కూడా వెంటబెట్టుకుని.


తుంగభద్ర_తీరం | 2023 సెప్టెంబరు 16, రాత్రి 1:10

నమస్తే. నేను సియాటిల్‌లో ఎఫ్‌1 మీద చదువుతున్నాను. మాది కర్నూలు. ఇంత పాత చర్చలో రాస్తున్నందుకు ఏమనుకోకండి, వెతికితే మన భాషలో ఇదొక్కటే దొరికింది.

కందుల జాహ్నవి గురించి మీకు తెలిసే ఉంటుంది. ఆదోని అమ్మాయి, 23 ఏళ్ళు. జనవరి 23న డెక్స్‌టర్ ఎవెన్యూ, థామస్ వీధి దగ్గర రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చంపేసింది. గంటకు 25 మైళ్ళు వెళ్ళాల్సిన చోట 74లో వచ్చింది. మర్నాడు పోలీసు సంఘం నాయకుడొకరు ఫోన్‌లో నవ్వుతూ, ఆమె విలువ అంతంత మాత్రమే, పదకొండు వేల డాలర్ల చెక్కు రాసేస్తే సరి అని అన్న వీడియో ఈ వారం బయటికొచ్చింది. విన్నప్పటి నుంచి తిండి సహించడం లేదు. ఆ దారిలో నేను కూడా నడుస్తాను.

మొన్న ఆ మూల దగ్గర నిరసనకు భయపడుతూనే వెళ్ళాను. మనవాళ్ళు కొంతమందే ఉన్నారు. నా పక్కన ఒక నల్లజాతి పెద్దావిడ నిలబడింది, జాహ్నవి పేరు ఎలా పలకాలో నన్ను అడిగి, రెండుసార్లు పలికి సరిచూసుకుంది. ఈవిడ ఎందుకు వచ్చింది అనుకున్నాను. ఇవాళ ఈ చర్చ మొత్తం చదివాను.

నేను ఏం చేయాలి? మళ్ళీ వచ్చే వారం వెళ్తున్నాం. ప్లకార్డు మీద జాహ్నవి పేరు తెలుగులో రాయొచ్చా, బాగుంటుందా?


ఓరుగల్లు_పిల్ల | 2023 సెప్టెంబరు 16, ఉదయం 8:00

చెల్లీ, పైన 2020లో వీసా గురించి రాసిందంతా నీకూ వర్తిస్తుంది. పేవ్‌మెంట్ మీదే ఉండు, చేతి మీద నంబరు రాసుకో, మీ కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు నంబరు కూడా. సియాటిల్ నగర కౌన్సిల్ సమావేశాల్లో ప్రజలు మాట్లాడే సమయం ఉంటుంది, ఫోన్‌లో కూడా మాట్లాడొచ్చు, రెండు నిమిషాల లోపు చెప్పాల్సింది ముందే రాసుకుని చదువు. పోలీసులపై ఫిర్యాదులు చూసే ఆఫీసు అక్కడ వేరుగా ఉంది, కమ్యూనిటీ పోలీస్ కమిషన్ కూడా ఉంది. వాళ్ళకు మెయిలు రాయడానికి వీసాతో సంబంధం లేదు.


సెయింట్‌పాల్_శారద | 2023 సెప్టెంబరు 16, ఉదయం 9:25

అమ్మా, ముందు కాస్త అన్నం తిను.

ఆ పెద్దావిడ మళ్ళీ కనిపిస్తే ఆమె పేరు అడిగి, నువ్వూ సరిగ్గా పలకడం నేర్చుకో. ఆమె ఇంకెవరికోసమైనా నిలబడే సభ ఉంటే అక్కడికీ వెళ్ళు.

పేరు తెలుగులో తప్పకుండా రాయి. అక్షరాలు అరచెయ్యంత ఎత్తుండాలి, లావు మార్కర్‌తో, అప్పుడే రోడ్డు అవతలికి కనపడతాయి. కింద ఇంగ్లీషులో కూడా రాయి, చదివినవాళ్ళు పలకగలగాలి. మీ ఊళ్ళో వాన ఎక్కువ కదా, రంగు కారిపోకుండా పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవరు అంటించు.